క్లచ్చు సీలూ బంతికాడా

ఆ ఏడు ఆయుధపూజకు మా బండిని ముస్తాబు చేసింది నేనే. ఏటేటా మా అత్త అమృతమ్మ చేసేది. రెండువేల ఆరులో ఆమె మోకాళ్ళు రెండూ ఒకేసారి మొరాయించడంతో వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుని నా చేత చేయించింది.

"పసుపు నిండుగ పెట్టే వనజా. మీ అవ్వగారింట్ల లెక్క గోటితోని రాయకు."

మా పుట్టిల్లు నాగర్‌కర్నూలు. అక్కడ పసుపు గోటితో రాస్తారని అక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియదు, గద్వాల దాటని అత్తకు తెలుసు. నిండుగా అంది కదా అని, రాలిపోకుండా పసుపులో బియ్యప్పిండి కలిపి ముద్ద చేశాను. హెడ్‌లైటుకు కండ్లు దిద్దాను. ట్యాంకుకు అరచేయంత బొట్టు పెట్టాను. ఇంజను మీద ఎక్కడ చోటుంటే అక్కడ అద్దాను. ఇంజను వెనక చిటికెన వేలంత నల్ల రబ్బరు గొట్టం ఒకటి వేలాడుతోంది. కొస తెరిచే ఉంది, దేనికీ తగిలించి లేదు. కమ్మ లేని చెవిలాగా అనిపించింది. ఆ కొసలో పసుపు ముద్ద కూరి, కాడతో సహా ఒక బంతిపువ్వు గుచ్చాను.

"గిప్పుడు లక్ష్మీదేవి లెక్కున్నది," అంది అత్త.

పదకొండేళ్ళ కాపురంలో నా పనికి ఆమె వేసిన మార్కులు అవే. ఆ సంతోషంలో నిమ్మకాయలు నేనే చక్రాల కింద పెట్టాను.

పూజ చేసిన పసుపు దీపావళి దాకా తుడవకూడదు, బండి కడగకూడదు. ఇది మా అత్త చట్టం.

దసరా దాటిన ఐదోనాడు మా ఆయన తెల్ల ప్యాంటు కుడికాలు అంచు మీద నల్లటి మరక కనిపించింది. మా ఆయన దశరథం పాత బస్టాండు దారిలో విత్తనాలు, ఎరువులు అమ్ముతాడు. దుకాణదారు తెల్లగా ఉంటేనే విత్తనం మొలుస్తుందని రైతు నమ్ముతాడని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ఉతికేది నేను.

"ఏందిది?" అని అడిగాను.

"బండి నూనె కక్కుతుంది. క్లచ్చు కాడ. ఖాజాకు జూపియ్యాలె."

ఖాజా మియా మా దుకాణం పక్కన రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా బండ్లు బాగుచేస్తున్నాడు. షెడ్డు మాది. మా మామ పోయే ముందు, మంచం పక్కన ఖాజానూ అత్తనూ నిలబెట్టి ఒక మాట చెప్పాడు. "ఖాజా తన నోటితోని 'నాతోని పని అయితలేదు' అనేదాక ఆ జాగ ఖాజాదే." మామ ఫొటోకు వేసిన దండ కంటే ఆ మాటనే అత్త ఎక్కువ జాగ్రత్తగా చూసుకునేది.

మా ఆయనకు ఆ షెడ్డు మీద రెండేళ్ళుగా కన్ను. ఊళ్ళో ప్రతి చొక్కా జేబులోకీ సెల్లుఫోను దిగుతున్న రోజులవి. అక్కడ ఒక సెల్లు దుకాణం పెడితే రీచార్జి కార్డులకు మనుషులు లైను కడతారని ఆయన లెక్క. "దుకాణంల నువ్వే కూసో. డిగ్రీ చదివితివి, ఇంగ్లీషు వస్తది," అని నాతో రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనేలోపే నేను అద్దాల కౌంటరు ఎక్కడుండాలో, తిరిగే కుర్చీ ఏ రంగుదో నిర్ణయించుకున్నాను. మా వంటింటి కిటికీ సరిగ్గా ఆ షెడ్డులోకే తెరుచుకుంటుంది. అన్నం ఉడికేదాకా నేను ఖాజా మియాను చూసేదాన్ని కాదు. ఆయన కూర్చున్న చోట నా కుర్చీని చూసేదాన్ని.

బండి షెడ్డుకు వెళ్ళిన రోజు కూడా కిటికీ దగ్గరే ఉన్నాను.

ఖాజా మియా బండి పక్కన గొంతుకూర్చుని, కుడివైపు గుండ్రటి మూత కింద వేలితో రాసి, వేలు వెలుగుకు పట్టాడు. క్లచ్చు ఆ మూత లోపల ఉంటుంది. చేతి దగ్గర క్లచ్చు పట్టినప్పుడల్లా మూతలోంచి బయటికి వచ్చిన చిన్న కడ్డీ ఒకటి తిరుగుతుంది. కడ్డీ తిరగాలి, లోపలి నూనె మాత్రం దాని వెంట బయటికి రాకూడదు. అందుకని కడ్డీ చుట్టూ రూపాయి బిళ్ళంత రబ్బరు చుట్ట బిగిస్తారు. అదే సీలు.

"సీలు పోయింది సేటూ. రబ్బరు గట్టివడ్డది. మారుస్తే అయిపాయె."

"రోజా ఉన్నవ్ గద మియా. కండ్లు మంచిగ కనవడ్తున్నయా?" అన్నాడు మా ఆయన. ఆ ఏడు దసరా రంజాన్ నెలలోనే పడింది.

"రోజా కడుపుకు సేటూ, కండ్లకు గాదు."

ఎదురుగా చాయ్ కొట్టు వెంకటన్న నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. తన దగ్గర కాకుండా వేరేవాడి దగ్గర నవ్వు పుట్టడం ఆయనకు నచ్చదు.

ఖాజా మియా పని చూడడానికి బాగుంటుంది, ఈ మాట ఒప్పుకోవాలి. కొత్త సీలును రాత్రంతా నూనెలో వేసి ఉంచాడు, మనం పెసర్లు నానేసినట్టు. పాత సీలును వంచిన సైకిలు పుల్లతో, చుట్టూ గీత పడకుండా లాగాడు. గుంతను మెత్తటి బట్టతో తుడిచాడు. కొత్తది స్ప్రింగు వైపు లోపలికి చేసి పెట్టి, దాని మీద ఒక పాత బేరింగు చుట్ట ఆనించి, కొయ్య సుత్తితో నలువైపులా ఒక్కో దెబ్బ కొట్టాడు. తలుపు తట్టినట్టు, అంతే.

ఇంకో పని కూడా చేశాడు. మొదలుపెట్టే ముందు, ఇంజను మీద నేను అద్దిన పసుపు మీదికి కిరసనాయిలు పోకుండా ప్లాస్టిక్ సంచి ముక్కలు కప్పాడు. మూడేళ్ళ కింద దసరా అయిన వారానికే బండిని శుభ్రంగా కడిగి ఇచ్చినందుకు మా అత్త బజారులో నిలబెట్టి తిట్టింది. "పూజ చేసిన పసుపు తుడువనీకి నీకు చేతులెట్లొచ్చినయ్‌రా?" అని. అప్పటినుంచి మా బండి మీద పసుపు ఎక్కడుంటే అక్కడ ఖాజా మియా చెయ్యి ఆగిపోతుంది. బంతిపువ్వు వాడిపోయి గొట్టం కొసన వేలాడుతోంది. దాన్ని తగలకుండా పక్కనుంచి పని చేసుకున్నాడు.

చివర తన పరీక్ష. సీలు మార్చిన ఏ బండినైనా ఆయన పాత క్యాలెండరు కాగితం తిరగేసి, ఆ తెల్లటి వైపు మీద రాత్రంతా నిలబెడతాడు. పొద్దున చుక్క ఉంటే మళ్ళీ విప్పుతాడు, లేకుంటే తాళంచెవి ఇస్తాడు. ఊళ్ళో చాలామంది ఆ కాగితాన్ని చూసే నిశ్చింతగా బండి తీసుకుపోతారు.

పొద్దున కాగితం శుభ్రంగా ఉంది. వెలిగిపోతున్న ముఖంతో నవ్వుతూ తెచ్చి మా అత్తకు చూపించాడు. "చూడుండ్రి పెద్దమ్మా."

"నాకేం జూపుడురా, మా పెద్దాయన ఎప్పుడో సూసిండు నిన్ను," అంది అత్త. ఆ మాటకు ఆయన ముఖం ఇంకా విప్పారింది.

ఆ రోజు మా ఆయన ధరూరు వెళ్ళి వచ్చాడు. షెడ్డు ముందు దిగి, కాగితాన్ని అడిగి తీసుకుని నేల మీద పరిచి, దాని మీద కుడికాలు మోపి తీశాడు. నూనెలో నానిన చెప్పు అచ్చు పడింది.

"గిదో మియా. నీ కాగితం మీద నా దస్కత్."

చాయ్ కొట్టు దగ్గర ఉన్న నలుగురూ లేచి వచ్చి చూశారు. ఖాజా మియా కాగితం వంక చూశాడు, చెప్పు వంక చూశాడు. "రాత్రి చుక్క పడలే సేటూ," అన్నాడు, ఎవరో తన జేబు కొట్టేసినట్టు.

"నిలవెడ్తే కారదు, నడిపిస్తే కారుతది. అంటే బండిని ఇంట్ల కూసోవెట్టి పూజ చేసుకోమంటవా?"

ఈసారి అందరూ నవ్వారు. ఈసారి మా ఆయన కూడా నవ్వాడు.

రెండోసారి ఖాజా మియా గుండ్రటి మూతంతా విప్పాడు. కర్నూలు నుంచి మనిషి చేత కొత్త సీళ్ళు, మూత కింద వేసే ప్యాకింగు తెప్పించాడు. మూతను గాజు పలక మీద రుద్ది ఎత్తుపల్లాలు తీశాడు. రెండు రోజులు పట్టింది. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏం మియా, ఇంజను కొత్తది చేస్తున్నవా?" అని అడిగేవాళ్ళు. తల ఎత్తకుండా మూత రుద్దుకునేవాడు. ఉపవాసంలో పెదవులు ఎండి తెల్లగా ఉండేవి.

కాగితం మళ్ళీ శుభ్రంగా వచ్చింది. మా ఆయన అయిజ వెళ్ళి వచ్చాడు. ఈసారి సీలు దగ్గరే కాదు, మూత చుట్టూ కూడా చెమట పట్టినట్టు నూనె. ప్యాంటు మోకాలి దాకా నల్లగా అయింది.

"అయ్యో, చేయి ఆగుతలేదా మియా?" అన్నాడు మా ఆయన, ఎంతో జాలిగా, వీధి చివరిదాకా వినిపించేలా. "వయసు మీద పడితే చెప్పాలె గద. సిగ్గేముంది? ఇగ ఎవలన్న నీతోని బ్రేకు చేయించుకపోయి సచ్చినాక చెప్తవా?"

ఖాజా మియా పానా కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఇంకొక్కపారి చేస్త సేటూ. మూడోపారి గూడ కారిందంటే, పెద్దమ్మ ముంగట నా నోటితోని నేనే చెప్త, నాతోని పని అయితలేదని. జాగ ఇడిషిపెడ్త."

మా ఆయన గబగబా ఇంట్లోకి వచ్చాడు. దాహమన్నాడు. నీళ్ళు ఇస్తే తాగలేదు. "ఇన్నవా?" అన్నాడు నాతో, చిన్నపిల్లాడిలా. "వాడే అన్నడు, నేను అనిపియ్యలే. కుర్చీ నీలం తెద్దమా, నల్లది తెద్దమా?"

"నీలం," అన్నాను.

అత్త ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు పొద్దున మా కుక్కరు పేచీ పెట్టింది. నిజానికి మూడు రోజులుగా మూత చుట్టూ ఆవిరి కక్కుతూనే ఉంది. అత్త మాట మీద రబ్బరు మార్చాను, కక్కింది. ఇంకో రబ్బరు తెప్పించాను, అదీ కక్కింది. చివరికి మూత తిరగేసి చూస్తే, విజిలు పెట్టే గొట్టంలో కందిపప్పు పొట్టు ఎండి రాయిలా బిగుసుకుపోయి ఉంది. చీపురు పుల్ల విరిచి పొడిచాను. ఊడింది. పొయ్యి మీద పెడితే బుద్ధిగా విజిలు వేసింది. మూత చుట్టూ తడి లేదు.

పై దారి మూస్తే ఆవిరి పక్క దారి వెతుక్కుంటుంది. రబ్బరు తప్పేమీ లేదు. ఇది తెలియడానికి ఫిజిక్సు డిగ్రీ అక్కర్లేదు, కానీ నాకు ఉంది.

కిటికీలోంచి బండి కనిపిస్తోంది. ఇంజను వెనక ఆ నల్ల గొట్టం. దాని కొసన నేను కూరిన పసుపు ముద్ద.

ఖాజా మియా మధ్యాహ్నం జొహర్ నమాజుకు పోయినప్పుడు షెడ్డులోకి వెళ్ళాను. చేతిలో చీపురు పుల్ల అలాగే ఉంది. వంగి చూశాను. బంతి రేకులు రాలిపోయాయి, కాడ ఒక్కటే మిగిలింది. పసుపూ బియ్యప్పిండీ కలిసి సిమెంటులా గట్టిపడ్డాయి. వేడెక్కిన ఇంజను లోపలి గాలిని వదలాల్సిన దారి అది. నేను మూశాను. గాలి వెళ్ళక, నూనెను సీళ్ళ పక్కనుంచి బయటికి తోస్తోంది. ఖాజా మియా వెయ్యి సీళ్ళు మార్చినా అంతే.

పుల్లతో ఒక్కసారి పొడిచి లాగితే అయిపోతుంది. ఖాజా మియా షెడ్డు ఖాజా మియాకు మిగులుతుంది.

లేచి నిలబడి చుట్టూ చూశాను. కౌంటరు ఇక్కడ. ఫ్యాను అక్కడ. నీలం కుర్చీలో కూర్చుంటే వంటింటి కిటికీ నా వీపు వెనక ఉంటుంది. పదకొండేళ్ళలో మొదటిసారి.

మళ్ళీ వంగాను. కాడ మీద పుల్ల ఆనించి, లోపలికి తోశాను. రెండంగుళాలు పోయింది. పుల్ల కొస పుటుక్కున విరిగి లోపలే ఉండిపోయింది. బయటికి గొట్టం ఇప్పుడు ఖాళీగా, అమాయకంగా కనిపిస్తోంది. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఇంట్లోకి వచ్చి పప్పు తాలింపు వేశాను.

సాయంత్రం ఖాజా మియా భార్య షంషాద్ వచ్చింది. వెనక గుమ్మం దగ్గరే నిలబడింది.

"అక్కా, మా ఆయనకు జిద్దెక్కువ. కోపంల అన్నడు. పెద్దమ్మకు జెప్పి ఆ మాట ఎనకకు తీస్కొనియ్యరాదు? రాత్రి పండుతలేడు. ఉత్త సీలునే చేతుల వట్టుకోని తిప్పుతుండు."

"కూసో షంషాద్. చాయ్ తాగుతవా?"

"రోజా ఉన్న అక్కా."

"అయ్యో, మర్చిపోయిన," అన్నాను. మరిచిపోలేదు. ఆమెకు ఏం చెప్పాలో తోచే లోపల ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను.

"పెద్దమ్మతోని మాట్లాడ్తవా?"

"మొగోళ్ళ మాటల్ల మనమెందుకమ్మా," అన్నాను. అత్త నాతో ఎన్నోసార్లు అన్న మాటే. అది అవతలివాళ్ళ ముఖం మీద ఎలా దిగుతుందో అప్పుడే మొదటిసారి చూశాను. బాగానే దిగుతుంది.

మూడోసారి పని శుక్రవారం మధ్యాహ్నానికి అయింది. రంజాన్ ఆఖరి జుమ్మా. ఖాజా మియా నమాజుకని తెల్లటి కుర్తా పైజామా తొడుక్కున్నాడు. కాగితం పరీక్ష మా ఆయన ఒప్పుకోలేదు.

"కాగితం ఒద్దు, గీగితం ఒద్దు. నువ్వే నడుపు, నేను ఎనక కూసుంట. బీచుపల్లి వంతెన దాక పోయి వద్దం. నీ కాలే చెప్తది."

వీధి వీధంతా బయట నిలబడింది. అత్త కూడా కుర్చీ వాకిట్లోకి వేయించుకుంది. నేను ఆమె పక్కన కూర్చుని మోకాళ్ళకు మందు రాస్తున్నాను. వెంకటన్న సాయంత్రం అసర్ నమాజు దాకా చాయ్ అమ్మనని కొట్టు కట్టేశాడు, ఖాజా మియా మీద గౌరవంతో కాదు, చూడడానికి.

గంటన్నర పట్టింది. ముందు మా ఆయన దిగాడు. ఆయన రెండు చేతులూ పైకెత్తి, ఏమీ ఎరగనట్టు పక్కకు జరిగాడు. ఖాజా మియా కూర్చునే ఉన్నాడు. కుడికాలు పైజామా మోకాలి కిందినుంచి నల్లగా, కాలికి అతుక్కుని ఉంది. చెప్పులోంచి చుక్క, ఇంకో చుక్క దుమ్ములో పడింది.

"దిగు మియా, బండి నీది గాదు," అన్నాడు మా ఆయన మెత్తగా.

దిగాడు. నేరుగా మా అత్త ముందుకు వచ్చి, నూనె అంటకుండా దూరంగా నిలబడ్డాడు.

"పెద్దమ్మా. నాతోని పని అయితలేదు."

అత్త కుర్చీ చేయి పట్టుకుని లేవబోయి మళ్ళీ కూర్చుంది. "రోజా ఇడిషినంక ఒక్కపారి మల్ల సూడరాదుర ఖాజా?" అంది.

"మాట అంటి గద పెద్దమ్మా."

"అంటివి," అంది అత్త. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా చేతిలోంచి మందు డబ్బా లాక్కుని, "రాసింది సాలు తియ్యే, మంట వెట్టింది," అని నన్ను కసిరింది.

మర్నాడు దీపావళి. పొద్దున్నే ఖాజా మియా పానాలు, సుత్తులు గోనెసంచుల్లోకి సర్దాడు. సర్దుడు అయ్యాక బండిని బయటికి తీసి కడగడం మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్ళ జాగా వదిలిపోతున్నవాడు బండి కడిగి అప్పజెప్పడం నాకు విచిత్రంగా అనిపించింది. ఆ రోజుతో అత్త చట్టం గడువు కూడా తీరింది కాబట్టి, పసుపంతా తుడిచాడు. కళ్ళు చెరిగాయి, బొట్టు చెరిగింది. ఇంజను వెనక గొట్టం ఊడబెరికి, మగ్గుతో నీళ్ళు పోశాడు. నీళ్ళు కిందికి దిగలేదు.

కిటికీ దగ్గర నా చేతిలో పిండి కలిపిన గిన్నె ఉంది. అది కింద పెట్టడం మరిచిపోయాను.

ఆయన గొట్టం నోట్లో పెట్టుకుని ఊదబోయి, రోజా గుర్తొచ్చి ఆగాడు. సైకిలు పుల్ల పెట్టి కొంచెం కొంచెంగా లాగాడు. బయటికి వచ్చినదాన్ని అరచేతిలో వేసుకుని వేలితో విడదీసి చూశాడు. తర్వాత కిటికీ వంక చూశాడు.

"చెల్లె. జర ఇటు రా."

వెనక గుమ్మం దాకా వెళ్ళాను. అరచేయి చాపాడు. ఎండిన పసుపు ముద్ద. దాంట్లో బంతికాడ. కాడ వెనక చీపురు పుల్ల ముక్క.

"ఇంజను గాలి ఇడిషే గొట్టం గిది. గిది బంద్ అయితే సీళ్ళు ఎన్ని మార్చినా ఆగదు. పసుపున్నదని నేనే ఆడ చెయ్యి వెట్టలే. తప్పు నాదే." పుల్ల ముక్కను వేలితో పక్కకు జరిపాడు. "పువ్వు వెట్టిండ్రంటే పూజకనుకుంట. చీపురు పుల్ల గూడ పూజకేనా చెల్లె?"

"ఏమో భాయ్. నాకు తెల్వదు."

"నేను జెప్తే, పని చేతగాక ఖాజా పూజ పువ్వు మీద నెట్టిండు అంటరు. నువ్వు జెప్తే వింటరు. పెద్దమ్మకు ఒక్క మాట."

"తెల్వదంటి గద భాయ్," అన్నాను.

లోపల్నుంచి అత్త అడిగింది. "ఎవల్తోనే ముచ్చట?"

"ఎవల్తోని లేదత్తమ్మా. ఖాజా భాయ్ పోతుండు."

ఆయన అరచేయి ముడిచాడు. ఆ ముద్దనూ కాడనూ పుల్లనూ కలిపి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టాడు. గొట్టం శుభ్రంగా కడిగి మళ్ళీ తగిలించాడు. బండిని ఒక తెల్ల కాగితం మీద నిలబెట్టి, తాళంచెవి కిటికీ గట్టు మీద పెట్టి, గోనెసంచులు రిక్షాలో వేసుకుని వెళ్ళిపోయాడు.

బండి మళ్ళీ ఒక్క చుక్క కూడా కార్చలేదు.

మా ఆయన పాన్‌గల్ దాకా పోయి వచ్చి, తెల్ల ప్యాంటు చూపించుకుంటూ వీధి మధ్యలో నిలబడ్డాడు. "చూసిండ్రా? వాడు పోంగనే ఆగింది! అంటే ఇన్నొద్దులు వాడే కావాల్నని కార్పిచ్చిండు!" ఎందుకు కార్పిస్తాడని ఎవరూ అడగలేదు. వెంకటన్న కూడా, "నాకు అప్పుడే అనుమానమొచ్చింది సేటూ," అన్నాడు. ఆ మాట నెల తిరక్కుండా అయిజ దాకా పోయింది. చివరికి అత్త కూడా మామ ఫొటో వంక చూసి, "గుడ్డిగ నమ్మినవయ్యా," అంది. ఖాజా మియా చివరిసారిగా చేసిన మంచి పనే ఆయన పని ముగించింది. బండి కడగకుండా పోయి ఉంటే, కనీసం పని రానివాడిగా మిగిలేవాడు.

సెల్లు దుకాణం సంక్రాంతి లోపలే తెరిచారు. దాంట్లో మా ఆడబిడ్డ కొడుకు రాకేష్ కూర్చున్నాడు.

"ఆడోళ్ళు రోడ్డు మీద కూసుంటే ఏం మంచిగుంటది," అన్నాడు మా ఆయన. "నువ్వుంటే రైతులు జర మొకమాటం వడ్తరు."

కుర్చీ మాత్రం నీలమే. రాకేష్ అందులో గిర్రున తిరుగుతుంటే కిటికీలోంచి చూస్తాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాడికి చాయ్ నేనే పంపాలి. చక్కెర ఎక్కువ కావాలంటాడు. నేను వేయను.

మరుసటి ఏడు దసరాకు ముందురోజు పూల కోసం మార్కెట్టుకు వెళ్ళాను. బంతిపూల గంపల వెనక షంషాద్ కూర్చుని ఉంది. తన అన్న పూల కొట్టులో పనికి కుదిరిందట. ఖాజా మియా వనపర్తి రోడ్డులో ఎవరి దుకాణంలోనో పంచర్లు వేస్తున్నాడట. ఇంజను ముట్టనివ్వరట. ఇవన్నీ పక్క గంపామె చెప్పింది, నేను అడగకుండానే.

తిరిగిపోదామనుకున్నాను. అప్పటికే షంషాద్ నన్ను చూసింది.

"రా అక్కా. బండికేనా?"

"ఇంటికి, బండికి."

ఆమె పెద్ద గంప పక్కకు జరిపి, వెనకనుంచి ఒక చిన్న బుట్ట తీసింది. దాంట్లో ప్రతి పువ్వుకూ జానెడు కాడ ఉంది. ఒక్కొక్కటి ఏరి, కొలిచినట్టు చూసి, సంచిలో వేసింది.

"మా ఆయన చెప్పిండు," అంది, నా ముఖంలోకి చూస్తూ, ఎంతో మర్యాదగా. "వనజక్క వస్తే కాడ పొడుగున్నయి జూసి ఇయ్యమన్నడు. గొట్టం లోపలిదాక పోవాలె గద."

పక్క గంపామె ఏ గొట్టం అని అడిగింది. షంషాద్ సంచి మూతి ముడివేసి నా ముందు పెట్టింది. నేను డబ్బులు గంప మీద పెట్టాను. సంచి తీసుకుని నడిచాను.

ఇంటికి రాగానే కత్తెర తీసి, కాడలన్నీ మొదలంటా కత్తిరించి పొయ్యిలో వేశాను. పచ్చివి కావడంతో చాలాసేపు పొగ వచ్చింది. అత్త కుర్చీలో ముందుకు వంగి పూల గంప చూసింది.

"గివ్విట్ల కాడలేవే?"

"పురుగువట్టినయ్ అత్తమ్మా," అన్నాను.